పట్టికలో లేని అక్షరం

జనవరి 9

గిలక్కాయ్,

కవరు నెమ్మదిగా చింపు. దూదిలో చుట్టిన గోరంత ముక్క ఒకటి ఉంటుంది. మీ మామయ్య మాట్లాడే యంత్రంలోని మెమరీ కార్డు అది. పోతే ఇంకోటి లేదు.

మేనత్తకు ఫోన్ లేదా, ఉత్తరం రాస్తోందేమిటి అనుకుంటావు. మా ఇల్లు నీకు తెలుసు కదా, రెండు గదులు, మధ్యలో సరిగ్గా పడని తలుపు. ఎక్కడ మాట్లాడినా ఆయనకు వినబడుతుంది. చేతులు, కాళ్ళు, నోట మాట అన్నీ పోయాయి గానీ చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. పై అంతస్తులో లిఫ్టు తాడు కీచుమంటే కిందినుంచే పట్టేసే మెకానిక్ చెవులు కదా. మంచం మీద మనిషి వింటూ ఉండగా ఆయన ఇలా ఉన్నారు, అలా ఉన్నారు అని ఫోన్లో చెప్పడం నావల్ల కాదు. అందుకే కళ్ళజోళ్ళ దుకాణంలో గిరాకీ లేనప్పుడు, అద్దాలు తుడిచే బల్ల దగ్గర కూచుని రాస్తున్నాను.

సంగతేమిటంటే, బొటనవేలు కూడా పోతోంది. ఇన్నాళ్ళూ ఆ వేలితోనే నెట్టుకొచ్చారు. తెర మీద అక్షరాల వరసలు ఒక్కోటే వెలుగుతూ పోతుంటే, కావలసిన చోట మీట నొక్కేవారు. మాట పూర్తయితే యంత్రం పైకి చదివేది. మళ్ళీ మళ్ళీ కావలసిన మాటల్ని అందులోనే దాచుకున్నారు. నీళ్ళు, దిండు, ఒత్తిగిలించు లాంటివే కాదు, పరామర్శకు వచ్చినవాళ్ళు ఎంతకీ లేవకపోతే వినిపించడానికి "మీ ఇంట్లో మీకోసం ఎదురుచూస్తుంటారేమో" అన్నది కూడా. ఒక్కో మాట కూర్చడానికి పూటలు పట్టాయి.

ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు కళ్ళతో నడిచే కొత్త యంత్రం ఇచ్చారు. కంటిచూపు ఎక్కడ ఆగితే ఆ మాట పలుకుతుంది. బాగానే ఉంది, కానీ అది ఖాళీ యంత్రం. పాతదాంట్లోని మాటలు ఇందులోకి ఎక్కవట. పాత యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్తగా రాసుకోండి అని తేలిగ్గా అనేశారు. ఈయన దిగులుపడ్డారు. ఆ దిగులు చూడలేక, మన గిలక్కాయ కంప్యూటర్ల పనే కదా చేసేది, అడుగుతాను అన్నాను. కళ్ళు రెండుసార్లు మూసి తెరిచారు. అంటే సరేనని.

చేసిపెట్టగలవా?

నీ అత్త


జనవరి 17

అత్తకు,

కార్డు క్షేమంగా చేరింది. దూది చూసి మా హాస్టల్ వార్డెను మందులేమో అనుకుంది.

ఫైలు తెరిచాను. తెరిస్తే పిచ్చి గీతలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, నల్లటి డబ్బాలు. ఒక్క తెలుగు ముక్క లేదు. కంగారుపడకు, ఫైలు పాడవలేదు. కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఇప్పుడు అందరూ దాదాపు ఒకే పట్టిక వాడుతున్నారు. మామయ్య యంత్రం చేసినవాళ్ళు మాత్రం తమ సొంత పట్టిక అల్లుకుని, ఎవరికీ చెప్పకుండా దుకాణం కట్టేశారు.

నేను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాస్తాను. ఫైలు తెరిచేటప్పుడు ఇది ఫలానా పట్టికలో రాసింది అని దానికి చెప్పాలి. నాకు తెలిసిన పట్టికలన్నీ చెప్పి చూశాను. కొన్నిటికి మొదటి అంకె దగ్గరే మొరాయించి ఆగిపోయింది. కొన్నిటికి ఆగలేదు గానీ చెత్త చదివింది. ఆగకుండా చెత్త చదవడమే ఎక్కువ ప్రమాదం అని మా ఆఫీసులో సీనియర్ అంటుంటాడు.

ఒక్కటే దారి. ఆ పట్టిక మనమే తయారుచెయ్యాలి. మామయ్య పాత యంత్రంలో అచ్చులు, హల్లులు, గుణింతాల గుర్తులు, ఒత్తులు, అన్నీ వరసగా ఒక్కసారి కొడితే, ఏ అక్షరానికి ఏ అంకె పడుతోందో నాకు తెలిసిపోతుంది. వేలు సహకరించినంత వరకే, తొందరేం లేదు. ఏ వరసలో కొట్టాలో వెనకపేజీలో రాశాను. ఫైలుకు నకలు తీసుకుని, కార్డు ఈ కవర్లోనే వెనక్కి పంపుతున్నాను.

నేనే వచ్చి పక్కన కూచునేదాన్నే గానీ, ఉద్యోగంలో చేరి ఏడాది నిండందే సెలవివ్వరు. అడిగితే మొహం అదోలా పెట్టారు.

నీ గిలక్కాయ


ఫిబ్రవరి 2

గిలక్కాయ్,

ఫైలు పాడవలేదని నువ్వు రాస్తే, పాడైందని చదివి ఒక పూటంతా అన్నం మానేశాను. పక్కనున్న జోడు పెట్టుకోవడం మరిచిపోయానని తర్వాత తెలిసింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేదాని సంగతి ఇదీ.

ఇక మీ మామయ్య అక్షరాభ్యాసం గురించి. నేను కాగితం మీద అక్షరం చూపిస్తాను, ఆయన తెర మీద దాని కోసం కాచుకుంటారు. వెలుగు ఆ గడి మీదికి వచ్చేసరికి వేలు కదలదు. దాటిపోతుంది. మళ్ళీ మొదటి వరస నుంచి. 'ఖ' కోసం ఒక సాయంత్రం పోయింది. నేను విసుక్కోలేదని రాయాలని ఉంది గానీ, విసుక్కున్నాను. ఆయన మాత్రం విసుక్కోలేదు. ఎవరూ ఎక్కకపోయినా లిఫ్టును పైకీ కిందికీ పదిసార్లు తిప్పి చూసే మనిషి. పరీక్షంటే అలాగే చెయ్యాలన్నట్టు పడుకుని ఉన్నారు.

నువ్వు రాసినవన్నీ అయ్యాయి. అడుగున ఇంకో వరస ఉంది, అది నీకు తెలియదు. రెండు నొక్కులు ఒకటిగా కలిసొచ్చేలా మాటల చివర వచ్చేవి కొన్ని ఆ కంపెనీవాళ్ళే విడిగా పెట్టారు: ని, కి, తో, లో, అలాంటివి. వేలు బలంగా ఉన్న రోజుల్లో ఆయన ఆ వరస ముట్టుకునేవారు కాదు, ఈమధ్యే అలవాటు చేసుకున్నారు. అవీ కొట్టమన్నాను. కొన్ని కొట్టారు, తర్వాత వేలు లేవలేదు. "చాలు" అన్నారు. దాచుకున్న మాటే, కాబట్టి ఒక్క నొక్కు. నేనూ సరే, చాలు అన్నాను.

ఆ మర్నాటి నుంచి ఆ వేలు కదల్లేదు. ఇప్పుడు ఆయన దగ్గర కళ్ళు తప్ప ఏమీ లేవు. కొత్త యంత్రంలో కళ్ళతో అక్షరాలు కూడా ఏరవచ్చుగానీ, నాలుగు అక్షరాలకే నీళ్ళు కారి చూపు చెదిరిపోతోంది. దాచిన మాటలు వస్తేనే ఆయనకు నోరున్నట్టు.

కార్డు మళ్ళీ పంపుతున్నాను.

అత్త


ఫిబ్రవరి 12

అత్తకు,

వచ్చేసింది. మామయ్య మాటలు మొత్తం తెలుగులో వచ్చేశాయి. మొదటి వాక్యం తెర మీద పడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఫ్యాను మీద దుమ్ముంది, నా ముక్కులోకి కాదు, చీపురులోకి పడేలా తుడువు." మామయ్య గొంతు విన్నట్టే ఉంది.

కొత్త యంత్రానికి అర్థమయ్యే పట్టికలోకి మార్చి ఈ కార్డులో పెట్టాను. ఆసుపత్రి నుంచి వచ్చే టెక్నీషియన్‌కి ఇస్తే ఎక్కించేస్తాడు.

చిన్న విషయం ఒకటి. ఫైలు చివరి భాగంలో, ఈమధ్య దాచుకున్న మాటల్లో, పట్టికలో లేని అంకె ఒకటి అక్కడక్కడ తగిలింది. ఎక్కువగా వాక్యం చివరే ఉంది. వాక్యం అయిపోయిందని యంత్రం పెట్టుకునే గుర్తేమో. తెలియని అంకె వస్తే ఏం చెయ్యాలో ప్రోగ్రాంకి ముందే చెప్పాలి: ఆగిపోవాలా, ప్రశ్నగుర్తు పెట్టాలా, వదిలేసి ముందుకెళ్ళాలా అని. ప్రశ్నగుర్తు పెడితే కొత్త యంత్రం దాన్ని కూడా పైకి చదువుతుంది. మామయ్య మాట్లాడిన ప్రతిసారీ అది వినబడితే బాగుండదని వదిలెయ్యమన్నాను. మిగతాదంతా శుభ్రంగా ఉంది.

అన్నీ చదవక తప్పలేదు. నీ గురించినవి కూడా కొన్ని ఉన్నాయి. అవి నేను చదవనట్టే.

నీ గిలక్కాయ


మార్చి 1

గిలక్కాయ్,

యంత్రం పలికిన రోజు ఇల్లంతా మాటలే. ఆయన వరసపెట్టి అన్నీ పలికించారు, చాలాకాలంగా ఊళ్ళో లేని మనిషి తిరిగొచ్చినట్టు. నీకు చెప్పమన్నారు, మేనకోడలు గట్టిదని.

ఆ సంతోషం వారం నిలవలేదు. రాయాలా వద్దా అని తటపటాయించి రాస్తున్నాను.

ఆయన మాటకూ మనసుకూ పొత్తు కుదరడం లేదు. "లైటు ఆర్ప" అంటారు. కొత్త గొంతు కదా, చివరి శబ్దం మింగేస్తోంది. లేచి ఆర్పుతాను. కళ్ళు పెద్దవి చేసి ఉరిమి చూస్తారు. మళ్ళీ అదే మాట. ఆర్పే ఉంది కదా అంటాను. మళ్ళీ అదే. "తలుపు మూయ" అంటారు, మూస్తే ఊపిరాడనట్టు అవస్థ పడతారు. "నర్సుని పిలవ" అంటారు, పగలు నేను దుకాణంలో ఉండగా ఆయన్ని చూసుకునే ఆవిడే, సాయంత్రం తన పనులు మానుకుని వస్తే మొహం చూడరు. పాపం ఆవిడ రెండుసార్లు చిన్నబుచ్చుకుంది.

డాక్టర్‌తో చెప్పాను. ఈ జబ్బు కొందరిలో బుర్రను కూడా కాస్త తాకుతుంది, కావాలనుకున్నదానికి ఎదురు చెబుతారు, మనసుకి పట్టించుకోవద్దమ్మా అన్నారు.

పట్టించుకోకూడదనే అనుకున్నాను. కానీ మొన్న మంచం మీదే ఆయన ఒళ్ళు తుడుస్తుంటే, ఎముకలే చేతికి తగిలి, కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. మొహం తిప్పుకున్నాను. అప్పుడు యంత్రం "నా కోసం ఏడవ" అంది. ఏడవమంటున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా కంట నీరు చూడలేని మనిషి. అక్కడితో ఆగలేదు, నేను చూస్తుండగా ఆ మాట మీదే చూపు నిలిపి మళ్ళీ మళ్ళీ అనిపించారు.

ఆ రోజు నుంచి పక్కగదిలో పడుకుంటున్నాను. పిలుపు వినబడుతుంది, వెళ్తాను, కావలసింది చేస్తాను. మాట్లాడాలనిపించడం లేదు.

ఒక్కటి చెప్పు. యంత్రంలో ఏమన్నా తేడా ఉండే వీలుందా?

అత్త


మార్చి 10

అత్తా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పని చెయ్యలేకపోయాను.

యంత్రం తనంతట తాను మాట పుట్టించలేదత్తా. దాచిపెట్టింది పలుకుతుంది, అంతే. నువ్వు రాసినవి నా దగ్గరున్న తెలుగు ఫైల్లో వెతికి చూశాను. "లైటు ఆర్ప", "తలుపు మూయ", అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. వేలు అలసిపోయి చివరి గుర్తు కొట్టకుండా కుదించుకున్నారేమో. "నా భయం లేదు" అని ఇంకొకటి ఉంది, అదీ అలా కుదించిందే. కాబట్టి తేడా యంత్రంలో లేదు.

జబ్బు గురించి కొంత చదివాను. డాక్టర్ చెప్పింది నిజమే, కొందరికి అలా అవుతుందట. మామయ్య మాటలు మామయ్యవి కావు, జబ్బువి అనుకో. పక్కగదిలో పడుకున్నందుకు నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. నీకూ నిద్ర కావాలి.

ఏది అడిగినా రెండుసార్లు అడుగు. రెండుసార్లూ ఒకే మాట చెబితే అదే ఆయనకు కావలసింది.

గిలక్కాయ


మార్చి 24

గిలక్కాయ్,

ఇది ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. ఇక్కడ కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. ఎవరు కదిలినా అందరం కదులుతాం.

పోయిన వారం ఆయనకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. భయమేసి యంత్రాన్ని కళ్ళకు ఎదురుగా పెట్టి ఏం చెయ్యమంటారని అడిగాను. "ఇంక ఆసుపత్రికి తీసుకెళ్ళ" అంది. నువ్వు చెప్పినట్టే రెండోసారి అడిగాను. మళ్ళీ అదే మాట. అంబులెన్సుకి ఫోన్ చేశాను. దాంట్లో కూడా, గుడ్డివెలుతుర్లో, ఆ మాటే పలుకుతూ వచ్చింది. ఎంత ఆత్రపడుతున్నారో అనుకుని, వచ్చేశాం, వచ్చేశాం అని చెయ్యి నిమిరాను.

గొంతుకు కన్నం పెట్టి గొట్టం దించారు. ఇప్పుడు ఊపిరి మిషనే తీస్తోంది. ప్రాణానికి ఇప్పట్లో భయం లేదన్నారు. ఎన్నాళ్ళయినా ఇలా ఉంచవచ్చట.

ఆయన నావైపు చూడటం లేదు. నేను మంచానికి ఎటుపక్క కూచుంటే చూపు రెండోపక్కకి తిప్పేస్తారు.

యంత్రంలో దాచిన మాటలు వాడటం కూడా మానేశారు. అక్షరాల పలక తెరిపించుకుని, కళ్ళు నీళ్ళు కారుతుంటే ఒక్కో గుర్తే ఏరుకుంటారు. ఏరి ఏరి ఆయన అనేది ఏమిటనుకున్నావు? "కు". అంతే. తుడుచుకుని మళ్ళీ "కు". నిన్నంతా "కు కు కు" అని. ఇక్కడి నర్సులు కోయిల తాతగారని పేరు పెట్టారు, ప్రేమగానే. డాక్టర్ తలుపు దగ్గర నిలబడి విని, కేసు కాగితంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

ఇక ఆ బుర్రలో మనవాడంటూ లేడని నాకూ అర్థమైంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అత్త


మార్చి 29

అత్తా,

నిన్న ఫోన్లో చెప్పాను. నువ్వు మధ్యలోనే పెట్టేశావు. తర్వాత ఎత్తలేదు. చెప్పింది సగమే విన్నావేమోనని మళ్ళీ రాస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటే సరిచేసిన కార్డు కొరియర్లో వస్తుంది.

మామయ్య బుర్రకు ఏమీ కాలేదు. 'కు' అన్నది నాకోసం.

నేను వాక్యం చివరి గుర్తు అనుకుని వదిలేసిన అంకె 'కు'. అడుగు వరసలో ఒక్క నొక్కుతో పడే 'కు'. మామయ్య వేలు లేవక కొట్టలేకపోయినవాటిలో అదొకటి. నా పట్టికలో దానికి చోటు లేదు. ప్రోగ్రాం ఆగిపోయేలా పెట్టి ఉంటే ఆగేది, ఇదేమిటని నన్ను అడిగేది. చప్పుడు చెయ్యకుండా వదిలెయ్యమని నేనే చెప్పాను. అది చెప్పినట్టే చేసింది.

మామయ్య అన్నది ఆర్పకు. మూయకు. నర్సుని పిలవకు. నాకు భయం లేదు.

నా కోసం ఏడవకు.

ఇంక ఆసుపత్రికి తీసుకెళ్ళకు.

నువ్వు యంత్రంలో తేడా ఉందా అని అడిగినప్పుడు అసలు ఫైలు తియ్యకుండా, నేను మార్చిన ఫైల్లోనే వెతికి అన్నీ సరిగ్గా ఉన్నాయని రాశాను. తప్పు చేసినచోటే తప్పు లేదని చూసుకున్నాను. రెండుసార్లు అడగమన్నదీ నేనే.

రేపు ఆఫీసులో చెప్పేస్తాను, ఇది నీకు అందగానే బయల్దేరతాను. సెలవిస్తారా లేదా అన్నది ఇప్పుడు నాకు అనవసరం. నువ్వు వద్దంటే మాత్రం ఆగిపోతాను. ఒక్క మాట పంపు.

గిలక్కాయ


మార్చి 31

ఇప్పుడు రావద్దు.

అత్త


ఏప్రిల్ 21

గిలక్కాయ్,

మీ నాన్న చెప్పే ఉంటాడు. ఆయన పోయారు. పదమూడో తేదీ మధ్యాహ్నం. ఎలా జరిగిందో నీకు నేనే రాయాలి.

సరిచేసిన కార్డు ఎక్కించిన రోజు యంత్రం ఎదురుగా పెట్టి, జరిగింది ఆయనకు చెప్పాను. అడుగు వరస, అంకె, నువ్వు వదిలెయ్యమనడం అన్నీ. కళ్ళు మూసుకుని విన్నారు. దాచిన మాటల్లో ఒక్కటీ పలికించలేదు. అక్షరాల పలక అడిగారు. ఒక పూటంతా ఏరారు. నేను తుడుస్తూ కూచున్నాను. పూర్తయ్యాక యంత్రం చదివింది.

"ఇప్పుడైనా నన్ను అడుగు."

అడిగాను. ఉంటారా, వెళ్తారా అని. నేనైతే ఉండమంటాను, ఈ గొట్టంతోనైనా సరే ఉండమంటాను, కానీ మీరు ఏదంటే అదే చేస్తాను అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆయన నావైపు చూశారు, ఇన్నాళ్ళకు. చాలాసేపు చూసి, మళ్ళీ అక్షరాలు ఏరుకున్నారు.

"వెళ్తాను. నువ్వు పక్కనే ఉండు."

డాక్టర్ వేరువేరు రోజుల్లో, నేను లేకుండా, వేరే డాక్టర్లను వెంటబెట్టుకుని అడిగారు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. బుర్రలో ఏమీ తేడా లేదని అప్పుడు కాగితం మీద రాశారు. డాక్టర్ నాకు క్షమాపణ చెప్పబోతే వద్దన్నాను. వినే ఓపిక లేదు.

మందు ఇచ్చి మిషను ఆపారు. బాధ లేదు. నేను పక్కనే ఉన్నాను, మంచం మీదే. యంత్రం తీసేయించాను, అప్పటికి మాటలతో పని అయిపోయింది.

నీ గురించి అడిగారా అని నీకు ఉంటుంది. అడిగారు. గిలక్కాయ ఏమంటోందని. వస్తానంటే నేనే వద్దన్నానని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. మొహం చూస్తే తెలిసింది. అయినా నిన్ను పిలవలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన నాకు మాత్రమే కావాలనిపించింది. నిన్ను ఆయన కడసారి చూడకుండా చేశాను. అది నేను తెలిసి చేసిందే, నీ అంకెలాగా తెలియక జరిగింది కాదు.

నీ మీద కోపం లేదని రాద్దామని పలుమార్లు మొదలుపెట్టి కాగితాలు చింపేశాను. కోపం ఉంది. పొద్దున లేవగానే ఉంటుంది, దుకాణంలో పనిలో పడితే కాస్త తగ్గుతుంది, ఇంటి తాళం తీసేసరికి మళ్ళీ అక్కడే ఉంటుంది. గొట్టం వేయించినందుకు కాదు. అది మూడు వారాల కష్టం, ఆయనే దాటారు. నేను దాటలేనిది ఆ పక్కగది. ఆయన ఏడవకు, ఏడవకు అని బతిమాలుతుంటే నేను దుప్పటి చుట్టుకుని అవతలికి వెళ్ళి పడుకున్నాను. రోజంతా జనం కళ్ళు చూసి అద్దాలు బిగించేదాన్ని. ఆయన కళ్ళు వద్దంటూనే ఉన్నాయి. నాకు కనబడ్డాయి కూడా. కళ్ళను కాదని యంత్రాన్ని నమ్మాను. కాబట్టి ఈ కోపంలో నీ వాటా ఎంతో, నాది ఎంతో ఇంకా తేలడం లేదు.

మీ నాన్న ఫోన్లో, అది అన్నం తినడం లేదు, ఉద్యోగం మానేస్తానంటోంది, ఒక్క మాట చెప్పు అన్నాడు. ఉద్యోగం మానేస్తే ఎవరికి లాభం? నీ తర్వాత ఆ కుర్చీలో కూచునేవాళ్ళకు ఇది తెలియదు. నీకు తెలుసు.

ఇప్పుడు రా. వచ్చాక నేను మాట్లాడకపోవచ్చు, మాట్లాడితే ఏం మాట్లాడతానో కూడా నాకు తెలియదు. అయినా రా. ఏ వేళకు చేరతావో ముందుగా చెప్పు. ఒక్కదానికి ఎంత బియ్యం పొయ్యాలో నాకు ఇంకా తెలియడం లేదు.

అత్త